చెరువులోకి మంచి నీళ్ళు రావాలంటే పైన సిమెంటుకి ఏ రూల్ అడగాలి? ఒక్కోటి పోల్చి చూద్దాం

మా వైపు కొత్త మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్ వస్తోంది, అభ్యంతరాలు సలహాలు రాసివ్వడానికి టైం ఇస్తారు అని తెలిసిన దగ్గర్నుంచి మా వార్డు మెంబరు తమ్ముడు, ఇద్దరు ముగ్గురు రైతులు, కాలనీ అసోసియేషన్ వాళ్ళు అందరూ నన్ను అడిగేది ఒకటే, "అన్నా, చెరువు ఆగం కాకుండా ఉండాలంటే ఏమని రాయాలి?" అని. "చెరువుని కాపాడండి" అని రాస్తే ఎవరూ కాదనరు, అట్లాగే ఎవరూ ఏమీ చెయ్యరు. ఏ రూల్ కావాలో పేరు పెట్టి, అంకె వేసి అడగాలి. నేను కొన్నేళ్ళుగా ఈ విషయం చదువుతూ, గండిపేట చుట్టుపక్కల తిరుగుతూ తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నా, మీ ఊరికి ఏది సరిపోతుందో మీరే తేల్చుకోవచ్చు.

ముందు ఒక్క లెక్క చూడండి. మాది 200 గజాల ప్లాటు, అంటే 167 చదరపు మీటర్లు. కప్పు, ముందు వెనక టైల్స్, మొత్తం కప్పేసి ఉంటే 30 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే దాదాపు 4,700 లీటర్లు గేటు దాటి రోడ్డు మీదకి పోతాయి. ఎండాకాలంలో మనం డబ్బులు కట్టి తెప్పించుకునే 5 వేల లీటర్ల ట్యాంకర్ ఉంటుంది కదా, దాదాపు అన్ని నీళ్ళు. అదే జాగా గడ్డీ చెట్లూ ఉన్న మట్టి అయితే పోయేది 250 లీటర్లు, అంటే పది బిందెలు కాస్త పైన. మన దగ్గర ఏడాదికి 800 మిల్లీమీటర్లు అటూ ఇటుగా వాన పడుతుంది, అంటే ఒక్క ఇంటి నుంచే ఏడాదికి 25 ట్యాంకర్లు.

ఆ నీళ్ళు ఉత్తగా పోవు. రోడ్డు మీద ఆయిలు, టైర్లు అరిగిన పొడి, బ్రేకుల నుంచి రాలిన రాగి, కుక్కల పెంట, చెత్త, అన్నీ కడుక్కుని పోతాయి, తొలి వానలో పోయే ఆ మొదటి నీళ్ళే అన్నిటికన్నా మురికి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో వాన పడ్డప్పుడల్లా వాగుల్లో కోహో సాల్మన్ చేపలు ఎందుకు చస్తున్నాయో చాలా ఏళ్ళు అర్థం కాలేదు, చివరికి 2020లో తేలింది, టైర్లు పగలకుండా కలిపే ఒక రసాయనం గాలి తగిలి మారి వాన నీళ్ళతో వాగులోకి పోతోందని. పైగా నీళ్ళు ఒక్కసారిగా ఉరుకుతాయి కాబట్టి వాగు గట్లు కోసుకుపోయి ఒండ్రు వచ్చి చెరువులో కూర్చుంటుంది, అటు భూమిలోకి ఇంకేది లేక ఎండాకాలం వాగు ఎండిపోతుంది. ఒకే కారణానికి వరద, కరువు, మురికి మూడూ.

ఇప్పుడు మీరు గుర్తు పెట్టుకోవాల్సిన రెండు అంకెలు, 10, 25. టామ్ షూలర్ అని అమెరికాలో ఒకాయన 1994లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసి చెప్పిందేంటంటే, ఒక వాగు పరీవాహకంలో (అంటే వాన నీళ్ళు ఆ వాగులోకి వచ్చి చేరే ప్రాంతం మొత్తంలో) నీళ్ళు ఇంకని జాగా 10 శాతం చేరే దగ్గర్నుంచే వాగు పాడవడం మొదలవుతుంది, 25 శాతం దాటితే మళ్ళీ మంచిగా చెయ్యడం చాలా కష్టం. ఇవి అక్కడి చిన్న వాగుల లెక్కలు, మన నేలకి అచ్చుగుద్దినట్టు సరిపోవు, కానీ మలుపు ఎక్కడుందో చూపిస్తాయి. చాలామంది అనుకునేది సగం కట్టేసినా సగం ఖాళీగా ఉంది కదా చాలు అని. కాదు, సగం దాకా వచ్చేసరికి అసలు ఆట అయిపోయి ఉంటుంది.

కాబట్టి రూల్ ఎంచుకునే ముందు మీ అంకె ఎంతో కొలుచుకోండి, దీనికి ఇంజనీరు అక్కర్లేదు. ఫోన్లో శాటిలైట్ మ్యాప్ తీసి మీ చెరువుకి నీళ్ళు వచ్చే ప్రాంతం అంతా ప్రింట్ తియ్యండి (ఏ వాగు ఎటు నుంచి వస్తుందో ఊళ్ళో పాత రైతులకి, నీరటి కుటుంబాల వాళ్ళకి బాగా తెలుసు, వాళ్ళని కూర్చోబెట్టుకోండి), దాని మీద సమాన దూరంలో 100 చుక్కలు పెట్టండి, ఎన్ని చుక్కలు కప్పు మీద, రోడ్డు మీద, సిమెంటు వాకిలి మీద పడ్డాయో లెక్కపెట్టండి, అదే మీ శాతం, మూడు నాలుగు అటూ ఇటూ ఉంటుంది, 200 చుక్కలు పెడితే ఇంకొంచెం నయం. వెంచర్ వేసి జేసీబీతో చదును చేసి రోలర్ తొక్కించిన మొరం రోడ్లని కూడా కలపండి, అది చూడ్డానికి మట్టే గానీ వాన నీళ్ళకి దాదాపు సిమెంటే.

బఫర్ జోన్, అందరికీ తెలిసింది

మన దగ్గర ఇప్పటికే ఉన్న రూల్ ఇదే. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు అంతకన్నా పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకి 9 మీటర్లు, పెద్ద నాలాలకి వాగులకి 9 మీటర్లు వదలాలి. ఇది తప్పకుండా ఉండాలి, దీంట్లో రెండో మాట లేదు, 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక జనం నోట్లో ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు బాగా నానాయి కూడా. మంచిదేంటంటే ఎవరైనా టేపు పట్టుకుని కొలవొచ్చు, కోర్టులో నిలబడుతుంది.

కానీ బఫర్ చేసేది చెరువు అంచున కాపలా మాత్రమే. పైన రెండు కిలోమీటర్ల అవతల వెంచర్ వేసి డ్రైనేజీ పైపు తెచ్చి నేరుగా వాగులో కలిపితే ఆ నీళ్ళు బఫర్‌లో గడ్డి మీదుగా పారవు, బఫర్ కింద నుంచి పైపులో పోతాయి. అందుకే బఫర్ అడిగేటప్పుడు రెండు మాటలు కలపండి, ఒకటి చెరువుకే కాదు దానికి నీళ్ళు తెచ్చే ప్రతి వాగుకీ ఫీడర్ చానల్‌కీ, రెండోది పైపు నేరుగా వాగులోకి వదలకూడదు. మనవి గొలుసుకట్టు చెరువులు, పై చెరువు అలుగు కింద చెరువుకి తల్లి, మధ్యలో వాగుని వదిలేసి చెరువుకి మాత్రం కంచె కడితే ఏం లాభం.

పెద్ద ప్లాట్లు, తక్కువ ఇళ్ళు: జీవో 111 పాఠం

దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి రూల్స్‌లో మన దేశంలోనే పెద్ద ప్రయత్నాల్లో ఒకటి మన హైదరాబాద్ పక్కనే జరిగింది. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో మూసీ మీద ఉస్మాన్ సాగర్ (గండిపేట అంటే ఇదే) 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో కట్టారు, వరద ఆపడానికీ తాగునీటికీ. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 ఈ రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలకి, లక్షా 32 వేల ఎకరాల పైచిలుకు భూమికి హద్దులు పెట్టింది. కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, రెసిడెన్షియల్ కాలనీలు వద్దు, పరీవాహకంలో 90 శాతం కన్సర్వేషన్, రిక్రియేషన్ కింద ఉండాలి, లేఅవుట్‌లో 60 శాతం ఖాళీ జాగా రోడ్లు, ఎఫ్‌ఎస్‌ఐ (ప్లాటుతో పోలిస్తే అంతస్తులన్నీ కలిపి ఎంత కట్టొచ్చో ఆ లెక్క) 1:0.5. ఒక నూనె పరిశ్రమకి ప్రభుత్వం మినహాయింపు ఇస్తే 2000 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెల్లదు పొమ్మంది, తాగునీళ్ళ విషయంలో ముప్పు రాకముందే జాగ్రత్త పడాలని. మొత్తం పరీవాహకాన్ని ఒక్కటిగా చూసిన రూల్ అది, దాని ధైర్యానికి నేను దండం పెడతా.

అయినా 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ హద్దులు తీసేశారు, నగరానికి వచ్చే నీళ్ళలో ఈ రెండు జలాశయాల వాటా ఒకటింపావు శాతం కూడా లేదనే కారణం చూపించి. ఎందుకు నిలబడలేదో ఆలోచిస్తే నాకు మూడు కనిపిస్తాయి.

మొదటిది, ఆ 60 శాతం మాట మళ్ళీ చదవండి, "ఖాళీ జాగా, రోడ్లు" రెండూ కలిపి. రోడ్డు కూడా ఖాళీ జాగా లెక్కలోకే వచ్చేసింది! తారు రోడ్డుకీ పచ్చగడ్డికీ వాన నీళ్ళ లెక్కలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంటే రూల్ మాత్రం రెండిటినీ ఒకే గంపలో వేసింది. అమెరికాలో ఒలింపియా అనే ఊళ్ళో 1990ల్లో కొలిస్తే నీళ్ళు ఇంకని జాగాలో మూడింట రెండు వంతులు రోడ్లు, పార్కింగులు, డ్రైవ్‌వేలేనని తేలింది, ఇళ్ళ కప్పులు మిగతా మూడో వంతే. మీరు ఏ రూల్ అడిగినా సరే "రోడ్లు కూడా కలిపి" అనే మాట లేకపోతే సంతకం పెట్టకండి.

రెండోది ఎఫ్‌ఎస్‌ఐ. ఎఫ్‌ఎస్‌ఐ అంటే అంతస్తులన్నీ కలిపిన విస్తీర్ణం, నేల మీద ఎంత కప్పారనేది కాదు. ఎఫ్‌ఎస్‌ఐ తక్కువ ఉన్న ఫామ్‌హౌస్‌లో ఇల్లు చిన్నదే, కానీ చుట్టూ పార్కింగు, స్విమ్మింగ్ పూలు, షటిల్ కోర్టు, గేటు నుంచి ఇంటిదాకా సిమెంటు రోడ్డు, ఇవేవీ ఎఫ్‌ఎస్‌ఐలోకి రావు. ఇళ్ళు దూరదూరంగా ఉంటే ప్రతి ఇంటికీ రోడ్డు పొడవు పెరుగుతుంది. దీని మీద అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2006లో ఒక లెక్క వేసింది, ఎకరానికి ఒక ఇల్లు చొప్పున కడితే ఎకరంలో 20 శాతమే కప్పబడుతుంది, ఎకరానికి ఎనిమిది ఇళ్ళైతే 65 శాతం. చూడగానే మొదటిదే మంచిది అనిపిస్తుంది కదా? కానీ ఎనిమిది ఇళ్ళకి మొదటి పద్ధతిలో ఎనిమిది ఎకరాలు పోతాయి, అందులో 1.6 ఎకరాలు సిమెంటు, రెండో పద్ధతిలో 0.65 ఎకరం సిమెంటు, మిగతా ఏడెకరాలు ముట్టుకోలేదు. ఇంటి లెక్కన ఏడాదికి పారే నీళ్ళు మొదటి దాంట్లో 5.3 లక్షల లీటర్లు, రెండో దాంట్లో 1.4 లక్షలు. అయితే ఆ ఏడెకరాలు నిజంగా ముట్టుకోకుండా ఉంటేనే ఈ లెక్క, రేపు వాటిల్లో కూడా కట్టేస్తే మొత్తం మునిగిపోతుంది, ఆ మెలిక మర్చిపోకండి.

మూడోది న్యాయం. రోడ్డుకి ఇవతల ఊరి రైతు ఎకరం కోట్లకి అమ్ముకుంటుంటే అవతల 84 గ్రామాల రైతు నగరం తాగే నీళ్ళ కోసం చెయ్యి కట్టుకుని కూర్చోవాలి, దానికి పైసా పరిహారం లేదు, అదే టైంలో డబ్బున్నవాళ్ళ ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్ళు, కాలేజీలు కళ్ళ ముందే లేస్తుంటే ఎవరికి మండదు? ఆ రైతుల కోపం అన్యాయమైంది కాదు, నేను వాళ్ళ ఇళ్ళలో కూర్చుని విన్నా. 2023 జనవరిలో కామారెడ్డిలో మాస్టర్ ప్లాన్ మీద రైతులు రోడ్డెక్కితే మున్సిపల్ కౌన్సిల్ వెనక్కి తగ్గింది, అక్కడా బాధ ఇదే, మా భూమికి మమ్మల్ని అడక్కుండా రంగు పూశారని.

ప్లాటుకి ఇంత శాతం అని పెట్టడం: ఆస్టిన్ పద్ధతి

టెక్సాస్‌లో ఆస్టిన్, మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్న ఊరు, అక్కడ బార్టన్ స్ప్రింగ్స్ అని ఊరి మధ్యలో ఊట చెరువు లాంటిది ఉంది, జనానికి దాని మీద ప్రాణం. 1992లో జనమే సంతకాలు సేకరించి ఓటు వేసి చట్టం తెచ్చుకున్నారు, ఊటలోకి నీళ్ళు ఇంకే ప్రాంతంలో సైటులో 15 శాతం దాటి కప్పకూడదు, పైనున్న పరీవాహకంలో చోటుని బట్టి 20, 25 శాతం. ఆ ప్రాంతం బయట మామూలు ఇళ్ళ జోన్లలో కూడా 45 శాతం హద్దు ఉంటుంది. మా పెద్దమ్మ కొడుకు అక్కడ ఇల్లు కొని వెనకాల పిల్లలకి ఆడుకోవడానికి కాంక్రీట్ వేయిద్దామనుకుంటే కాంట్రాక్టరే చెప్పాడంట, సార్ మీ ఇంటికి కోటా అయిపోయింది, ఇల్లూ డ్రైవ్‌వే కలిపి హద్దుకి వచ్చేసింది అని. మొదట చిరాకు పడ్డాడు, ఇప్పుడు అక్కడ టమాటాలు పెడుతున్నాడు. మన దగ్గర మేస్త్రీ నోట ఆ మాట రావడం ఊహించండి.

దీంట్లో గొప్ప ఏంటంటే కొలిచేది అసలు విషయాన్నే, ఎత్తు కాదు అంతస్తులు కాదు, నీళ్ళు ఇంకని నేలని. మన సెట్‌బ్యాక్ రూల్ చూడండి, చుట్టూ జాగా వదలమంటుంది, వదిలిన జాగాలో ఏం వెయ్యాలో గట్టిగా చూసేవాళ్ళు లేరు, కాబట్టి అందరం పార్కింగ్ టైల్స్ వేసేస్తాం. 2011లో ఇల్లు కట్టినప్పుడు మేమూ గోడ నుంచి గోడ దాకా వేయించాం, బురద ఉండదని. రెండేళ్ళ కింద ముందు భాగం టైల్స్ పీకించి మట్టి పోయించి గడ్డి, ఒక కరివేపాకు చెట్టు పెట్టాం, అప్పట్నుంచి మా గేటు ముందు వాన నీళ్ళు నిలవడం చాలా తగ్గింది. "సెట్‌బ్యాక్‌లో సగం మట్టిగానే ఉండాలి" అనే ఒక్క వాక్యం పర్మిషన్ షరతుల్లో చేరితే ఖర్చు లేకుండా ఎంత పని అవుతుందో.

లోటు ఏంటంటే, పర్మిషన్ అప్పుడు ప్లాన్‌లో పచ్చగా గీస్తారు, గృహప్రవేశం అయిన వారానికి టైల్స్ పడతాయి. తనిఖీ లేకపోతే ఈ రూల్ కాగితమే. ఇంకోటి, ప్లాటు లెక్క పాటించినా ప్లాట్ల సంఖ్య పెరుగుతూ పోతే మొత్తం వాగు మీద భారం పెరుగుతూనే ఉంటుంది, బయట వేసే రోడ్లు ఎవరి ఖాతాలోకీ రావు. ఆస్టిన్ వాళ్ళు కూడా రూల్ ఒక్కదాని మీదే ఆధారపడలేదు, 1998లో బాండ్లకి ఓటు వేసి పైన భూములు కొన్నారు, 2006లో పార్కింగుల మీద పూసే కోల్‌టార్ సీలెంట్‌ని నిషేధించారు, అమెరికాలో ఆ పని చేసిన మొదటి ఊరు అదే.

వాగు మొత్తానికి ఒకే హద్దు, ఇళ్ళు ఒక చోట, హక్కుకి డబ్బు

నా ఓటు దీనికే, అందుకే చివరి దాకా దాచకుండా ఇక్కడే చెప్పేస్తున్నా. అమెరికా రాజధాని వాషింగ్టన్ పక్కన మేరీలాండ్‌లో మాంట్‌గోమరీ కౌంటీ అని ఉంది. అక్కడ పెయింట్ బ్రాంచ్ అనే వాగు పై భాగంలో చేపల కోసం కొత్త కట్టడాలకి మొదట 10 శాతం హద్దు పెట్టారు, తర్వాత 2007లో దాన్ని 8కి దించారు. 2014లో టెన్‌మైల్ క్రీక్ అనే ఇంకో వాగుకి, అది పడేది కరువొస్తే వాషింగ్టన్ ప్రాంతానికి నీళ్ళిచ్చే చెరువులో, ఒకవైపు 15 శాతం, ఇంకా చెడని రెండోవైపు 6 శాతం పెట్టారు. గమనించండి, జిల్లా అంతటికీ ఒకే అంకె కాదు, ఏ వాగు ఎంత బాగుందో చూసి దానికి తగ్గ అంకె.

ఇంకా పెద్ద విషయం, అదే కౌంటీలో 1980లో 93 వేల ఎకరాలని వ్యవసాయానికే కేటాయించి 25 ఎకరాలకి ఒక ఇల్లే అన్నారు. రైతుని ఊరికే వదిలెయ్యలేదు, ప్రతి 5 ఎకరాలకీ వేరే చోట ఒక ఇల్లు కట్టే హక్కు ఇచ్చారు, ఆ హక్కుని రైతు బిల్డర్‌కి అమ్ముకోవచ్చు, బిల్డర్ దాన్ని తీసుకెళ్ళి ఊరి మధ్యలో, రోడ్లూ డ్రైనేజీ ఉన్న చోట ఎక్కువ ఇళ్ళు కట్టుకోవచ్చు. మన భాషలో చెప్పాలంటే టీడీఆర్ (కట్టుకునే హక్కుని ఇంకొకరికి బదిలీ చెయ్యడం), హైదరాబాద్‌లో రోడ్డు వెడల్పుకి జాగా ఇచ్చినవాళ్ళకి ఇస్తారు కదా అదే. మరి రోడ్డుకి జాగా ఇస్తే టీడీఆర్ ఇచ్చే మనం చెరువుకి నీళ్ళు ఇస్తున్న భూమికి ఎందుకు ఇవ్వకూడదు? జీవో 111 గ్రామాల్లో ఈ ఒక్క పని 1996లోనే చేసి ఉంటే రైతులే ఆ జీవోకి కాపలా ఉండేవాళ్ళని నా గట్టి నమ్మకం.

దీనికి అడ్డంకులు లేవని కాదు. హక్కు కొనేవాడు ఉండాలి, కొనాలంటే నగరంలో ఎక్కువ అంతస్తులకి అది తప్పనిసరి అవ్వాలి, హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ హద్దే లేదు, రోడ్డు వెడల్పుని బట్టి ఎత్తు కట్టుకోవచ్చు, అలాంటప్పుడు హక్కు కొనాల్సిన అవసరం బిల్డర్‌కి తక్కువ. ఈ ముడి ప్రభుత్వమే విప్పాలి, పంచాయతీ వల్ల కాదు. కానీ మిగతా సగం, అంటే వాగు మొత్తానికి ఒక అంకె పెట్టి, రోడ్లు కలిపి లెక్క కట్టి, ఇళ్ళని ఒక చోట గుంపుగా కట్టించి మిగతాది ముట్టుకోకుండా రిజిస్టర్ చేయించడం, అది మాస్టర్ ప్లాన్‌లోనే రాయించుకోవచ్చు.

భూమి కొనేయడం, ఫీజు వెయ్యడం

న్యూయార్క్ వాళ్ళు 1997లో పైనున్న కొండ ఊళ్ళతో ఒప్పందం చేసుకుని, ఇష్టపడి అమ్మేవాళ్ళ దగ్గర లక్ష ఎకరాలకు పైగా కొన్నారు లేదా కట్టకుండా హక్కు తీసుకున్నారు, జలాశయానికి 300 అడుగుల్లో, వాగుకి 100 అడుగుల్లో కొత్త సిమెంటు వద్దన్నారు, దాంతో వేల కోట్ల ఫిల్టర్ ప్లాంట్ ఖర్చు తప్పి ఇప్పటికీ ఎక్కువ భాగం నీళ్ళు ఫిల్టర్ లేకుండా తాగుతున్నారు. అంత డబ్బు మన మున్సిపాలిటీకి ఎక్కడిది, కాబట్టి వాగు పక్కన ముఖ్యమైన పదో ఇరవయ్యో ఎకరాలు ఉంటే వాటికి మాత్రం దీన్ని ఆలోచించండి.

ఫీజు సంగతి వేరు, అది ఇప్పటికే కట్టేసిన ఊరికి మందు. బెర్లిన్‌లో 2000 నుంచి వాన నీటి చార్జీ వేరుగా ఉంది, మీ స్థలంలో ఎన్ని చదరపు మీటర్లు కప్పి డ్రైనేజీకి కలిపారో దాన్ని బట్టి. ఫిలడెల్ఫియాలో ఒకప్పుడు నీళ్ళ మీటర్‌ని బట్టి వేసేవాళ్ళు, దాంతో కుళాయి లేని పెద్ద పార్కింగ్ స్థలాలు ఒక్క డాలరు కట్టకుండా తప్పించుకునేవి, 2010 నుంచి కమర్షియల్ స్థలాలకి కప్పిన విస్తీర్ణం లెక్కన మార్చారు. టైల్స్ పీకితే బిల్లు తగ్గుతుందంటే జనం వాళ్ళంతట వాళ్ళే పీకుతారు. కానీ ఇంకా పాడవని పరీవాహకానికి ఫీజు పెడితే ఏమవుతుందో తెలుసా, ఉన్నవాడు ఫీజు కట్టి కప్పేస్తాడు, అంతే.

ఇంకుడు గుంత ఉంది కదా, పేవర్ బ్లాక్స్ ఉన్నాయి కదా అనేవాళ్ళకి

ఉండాలి, వద్దనను, వాల్టా (నీళ్ళు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచి ఉన్నదే. కానీ "ఇంకుడు గుంత తవ్వా కాబట్టి మొత్తం కప్పుకోనివ్వు" అనే బేరానికి ఒప్పుకోకండి. గుంతలో ఒండ్రు చేరితే రెండు మూడు వానాకాలాల్లో పూడిపోతుంది, ఏటా తీసేవాళ్ళు ఎంతమంది? నల్లరేగడి ఉన్న చోట నీళ్ళు అసలే మెల్లగా ఇంకుతాయి. మామూలు ఇంటర్‌లాకింగ్ టైల్స్‌ని కూడా ఇంకే టైల్స్ అని చెప్పి అమ్ముతుంటారు, కింద సిమెంటు బెడ్ వేసి సందులు పూడిస్తే అవి ఇంకవు. మధ్యలో గడ్డి వచ్చే బ్లాకులు, కింద కంకర పొర, అలా అయితే నయం, దానికి కూడా సందులు శుభ్రం చేస్తూ ఉండాలి. రోడ్డు నుంచి వచ్చే మురికి నీళ్ళని మాత్రం పాడుబడ్డ బోరులోకి నేరుగా ఎప్పుడూ వదలకండి, భూగర్భ జలాన్ని మన చేత్తో మనమే పాడు చేసుకున్నట్టు.

ఇంకో మాట, మీ నాలాలో ఇళ్ళ మురుగు పారుతుంటే ముందు అది ఆపించండి. మన చెరువుల్లో గుర్రపుడెక్క అంతలా పెరగడానికి పెద్ద కారణం మురుగే, సిమెంటు హద్దు దానికి విరుగుడు కాదు.

మరి మీకు ఏది?

మీ చుక్కల లెక్కలో 10 కన్నా తక్కువ వస్తే మీరు అదృష్టవంతులు, తొందర పడాల్సింది కూడా మీరే. వాగు మొత్తానికి హద్దు, రోడ్లతో కలిపి, 8 లేదా 10 దగ్గర, కొత్త రోడ్డు గీత మ్యాప్ మీద పడకముందే అడగండి, ఎందుకంటే వంద అడుగుల రోడ్డు గీశాక దాని రెండు పక్కలా సిమెంటు రాకుండా ఏ రూలూ ఆపలేదు. రైతుకి టీడీఆర్ కూడా అదే కాగితంలో అడగండి, విడిగా అడిగితే అది ఎప్పటికీ రాదు.

10 నుంచి 25 మధ్య ఉంటే ప్లాటుకి శాతం హద్దు, సెట్‌బ్యాక్‌లో మట్టి, వాగులన్నిటికీ బఫర్, ఇంకా కట్టని లేఅవుట్లలో రోడ్డు వెడల్పులు తగ్గించడం. పది ఇళ్ళున్న గల్లీకి 40 అడుగుల సీసీ రోడ్డు ఎందుకండీ, 18 అడుగులు సీసీ వేసి రెండు పక్కలా మట్టి, చెట్లు వదిలితే కార్లూ పోతాయి, నీళ్ళూ ఇంకుతాయి. 25 దాటితే చెరువుని పాత రోజులకి తెస్తాం అని ఎవరన్నా చెప్తే నమ్మకండి, అక్కడ పని నష్టం తగ్గించడం, అంటే కమర్షియల్ స్థలాలకి ఫీజు, స్కూళ్ళు ఆఫీసుల పార్కింగుల్లో సిమెంటు పీకించడం, తొలి వాన మురికిని ఆపే చిన్న కుంటలు. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన పడింది, అలాంటి వానకి ఇవేవీ సరిపోవు, ఏడాదంతా పడే మామూలు వానలకి మాత్రం సరిపోతాయి, చెరువులో మురికి చేరేది ఎక్కువగా ఆ మామూలు వానల్తోనే.

మా వాగుకి మేం ముగ్గురం కూర్చుని 200 చుక్కలు పెట్టాం, 23 పడ్డాయి, అంటే 11 శాతం చిల్లర. పై సగం వేరుగా చూస్తే 6, కింది సగం ఊరు ఉన్న వైపు 17. అందుకని ఒకటే రూల్ అడగలేదు. పై సగానికి రోడ్లు కలిపి 8 శాతం హద్దు, ఇళ్ళు ఊరికి ఆనుకుని గుంపుగా, భూములు కదపని రైతుకి టీడీఆర్, కింది సగానికి సెట్‌బ్యాక్‌లో సగం మట్టి, వాగుకి రెండు పక్కలా 9 మీటర్లు, డ్రైనేజీ పైపు నేరుగా వాగులో కలపకూడదు. ఒకటిన్నర పేజీ వచ్చింది, చుక్కల మ్యాప్ వెనకాల పిన్ చేశాం, 61 మంది సంతకాలు పెట్టారు, అందులో 20 మందికి పైగా పై సగంలో భూములున్న రైతులే, టీడీఆర్ మాట చదివి వినిపించాకే పెట్టారు.